యుద్ధంలో అత్యాచారానికి గురైన మనిషి మీ ఎదుట కూర్చుంటే ఏం చెయ్యాలి

జయపురం కోర్టులో నేను ప్లీడర్ని. ఇంట్లో తెలుగు, కోర్టులో ఒడియా, సంతకెళ్తే దేశియా. కొరాపుట్ జిల్లా జడ్జి కోర్టు మా ఊళ్లోనే ఉంది కాబట్టి పనికి లోటు లేదు: భూమి తగాదాలు, మనోవర్తి, చెక్కు బౌన్సులు, లారీ యాక్సిడెంట్లు. యుద్ధ నేరాల గొడవ మనకెందుకమ్మా అని మా గుమాస్తాయే అడిగాడు. ఎందుకంటే మా పక్క జిల్లా మల్కన్‌గిరి. దండకారణ్య ప్రాజెక్టు కింద తూర్పు బెంగాల్ నుంచి తెచ్చి స్థిరపరచిన శరణార్థుల ఊళ్లు అక్కడున్నాయి. ఎం.వి. అని రెండక్షరాలు, పక్కన ఒక నంబరు, అదే ఊరి పేరు. శ్రీలంక నుంచి వచ్చిన తమిళ కుటుంబాలు కొన్ని కూడా అక్కడే ఉన్నాయి. ఇటు మా తెలుగిళ్ల ఆడపిల్లలేమో నర్సింగ్ చదివి గల్ఫ్, జర్మనీ ఆస్పత్రుల్లో చేరుతున్నారు. యుద్ధం ఎక్కడ జరిగినా దాన్ని ఒంటి మీద మోసిన మనిషి ఏదో ఒకరోజు మనవాళ్లెవరో ఒకరి దగ్గర నోరు విప్పుతుంది.

నా దగ్గర నోరు విప్పినావిడ 2009లో శ్రీలంక యుద్ధం ముగిసే రోజుల్లో ఆ దేశపు ఉత్తరాన వన్ని ప్రాంతంలో చిక్కుకున్న మనిషి. ఆమధ్య తమిళనాడు నుంచి మల్కన్‌గిరిలో చుట్టాలింటికొచ్చింది. నా దగ్గరికొచ్చింది ఇంటి అద్దె అగ్రిమెంటు గురించి. ఆ పని అయిపోయింది, ఫీజు ఇచ్చేసింది, కానీ కుర్చీలోంచి లేవలేదు. ఇంకొకటి ఫోనులో వచ్చింది. మా అన్నయ్య కూతురు జర్మనీలో నర్సు. "అత్తా, ఇక్కడొక యజీదీ ఆవిడకి డ్రెస్సింగ్ మారుస్తుంటే ఏదో చెప్పడం మొదలెట్టింది. నేనేటి చెయ్యాలి? వినాలా, ఆపాలా, రాసుకోవాలా?" అంది. యజీదీలంటే ఇరాక్‌లో ఐసిస్ చేతిలో చిక్కిన ఒక చిన్న మతంవాళ్లు. ఇద్దరి విషయంలోనూ నేను చెప్పింది చాలా మటుకు ఒకటే. గుర్తుపట్టే వివరాలు మార్చి అదే ఇక్కడ రాస్తున్నాను.

మొత్తం చదివే తీరిక లేనివాళ్లు ఈ ఒక్కటి పట్టుకుపొండి. జరిగిందంతా మీరు రాయకండి, రాయించకండి. కానీ లైంగిక హింస కూడా జరిగిందన్న ఒక్క వాక్యం, ఆవిడ సరేనంటే, మొట్టమొదటి కాగితంలోనే ఉండాలి.

ఆ వాక్యం లేకపోతే ఏమవుతుందో నాలుగు కేసులు చెబుతాను.

రువాండాలో 1994లో జాతిహననం జరిగింది. టాబా అనే కమ్యూనుకి (మన మండలం లాంటిది) పెద్దగా ఉన్న ఝాన్ పాల్ అకయేసు మీద ఐక్యరాజ్యసమితి ట్రిబ్యునల్‌లో కేసు నడిచింది. మొదటి అభియోగపత్రంలో అత్యాచారం ఊసే లేదు. 1997లో ఒక సాక్షి వేరే సంగతేదో చెబుతూ, తన ఆరేళ్ల కూతుర్ని ముగ్గురు చెరిచారని మధ్యలో అనేసింది. దర్యాప్తుకి వచ్చినవాళ్లు ఆవిణ్ణి ఆ మాటే అడగలేదట. బెంచి మీద ఉన్న ఒకే ఒక్క మహిళా జడ్జి నవనీతం పిళ్లై, దక్షిణాఫ్రికాలో పుట్టిన తమిళుల ఆడపడుచు, ఆ మాటని జారిపోనివ్వలేదు. తర్వాతి సాక్షులనీ అడిగారు. ఆ జూన్‌లో అభియోగపత్రం సవరించారు. 1998 సెప్టెంబరు 2న వచ్చిన తీర్పులో అత్యాచారం కూడా జాతిహననం కాగలదని ఒక అంతర్జాతీయ కోర్టు మొదటిసారి తేల్చింది. జడ్జి గట్టిది కాబట్టి నిలబడింది.

అందరికీ అలాంటి బెంచి దొరకదు. హేగులోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు మొదటి కేసు కాంగోకి చెందిన తోమా లుబాంగాది. బాలసైనికుల్ని చేర్చుకున్నాడన్నదే అభియోగం. ఆ సైన్యంలో ఆడపిల్లల మీద ఏం జరిగిందో సాక్షులు బోనులో నిలబడి చెబుతూనే ఉన్నారు. కానీ అది అభియోగంలో లేదు. 2012లో పద్నాలుగేళ్ల శిక్ష పడింది, అందులో ఆ పిల్లల మీద జరిగిన లైంగిక హింసకి ఒక్కరోజు కూడా లేదు.

చాద్ మాజీ అధ్యక్షుడు హిసెన్ హబ్రేది ఇంకా బాధ. సెనెగల్‌లో పెట్టిన ప్రత్యేక కోర్టులో ఒకావిడ, హబ్రే స్వయంగా తనని చెరిచాడని అతని ఎదుటే చెప్పింది. 2016 మే 30న యావజ్జీవ శిక్ష వేస్తూ కోర్టు ఆ నేరాన్నీ రుజువైనట్టు రాసింది. 2017లో అప్పీలు కోర్టు మాత్రం, ఆ ఆరోపణ విచారణ మధ్యలో వచ్చింది, అభియోగంలో ముందు నుంచీ లేదు, కాబట్టి ఆ ఒక్క నేరం చెల్లదంది. ఆవిడ అబద్ధం చెప్పిందని కాదు. ఆలస్యంగా చేరిందని. మిగతా శిక్ష అలాగే ఉంది.

నాలుగోది జర్మనీ, కొబ్లెంజ్ కోర్టు. సిరియా గూఢచారి శాఖలో కర్నల్‌గా చేసిన అన్వర్ రస్లాన్ శరణార్థిగా జర్మనీకి వచ్చి దొరికిపోయాడు. అక్కడా లైంగిక హింసని మొదట మానవత్వంపై నేరం (పౌరుల మీద పెద్దఎత్తున చేసే దాడిలో భాగమైన నేరం) కింద కాక మామూలు నేరంగా పెట్టారు. బాధితుల లాయర్లు పట్టుబట్టాక మార్చారు. 2022 జనవరి 13న యావజ్జీవం పడింది.

ఈ నాలుగూ చదివాక, జయపురం లాంటి ఊళ్లో నేను రాసే ఒక పేజీ కాగితాన్ని కూడా తేలిగ్గా తీసుకోవడం మానేశాను.

మొదటిసారి కూర్చున్నప్పుడు

తలుపు దగ్గరకి వేయండి, గడియ పెట్టొద్దు. ఎప్పుడు లేచి వెళ్లిపోవాలన్నా వెళ్లగలనని ఆవిడకి కనిపించాలి. మీరు ఆవిడకీ తలుపుకీ మధ్యలో కూర్చోకండి. మా ఆఫీసు గది చిన్నది, అందుకని నేను గోడవైపు కుర్చీలోకి మారాను. మంచినీళ్లు పెట్టండి. గదిలో భర్త గానీ, అత్తగారు గానీ, వెంటవచ్చిన పెద్దమనిషి గానీ ఉంటే, "లీగల్ పని, ఒక్కరితోనే మాట్లాడాలి" అని బయట కూర్చోబెట్టండి. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. వాళ్ల ముందు చెప్పిన మాట రేపు ఇంట్లో తిరుగుతుంది.

భాష తెలియకపోతే ఆవిడ కొడుకునో మనవరాలినో దుబాసీగా పెట్టకండి. ఆ తప్పు చాలామంది మంచి మనసుతోనే చేస్తారు. ఆ పిల్ల జీవితాంతం మోస్తుంది. అదే ఊరు, అదే కులం, అదే పార్టీ మనిషిని పెట్టినా ప్రమాదమే. మా దగ్గరికొచ్చినావిడకి ఒడియా కొద్దిగా వచ్చు, నాకు తమిళం సినిమాల పుణ్యమా అని కొద్దిగా వచ్చు. దాంతోనే నెట్టుకొచ్చాం. నిజానికి ఆ పూటకి అంతకంటే అక్కర్లేదు కూడా.

ఏమనాలి? నేను అన్నది ఇంతే: "మీరు చెప్పాలనుకున్నంతే చెప్పండి. వివరాలు నాకు అక్కర్లేదు. ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది? రాత్రి పడుకునేచోట భయం లేదు కదా?" ఎందుకు పారిపోలేదు, ఎందుకు అరవలేదు, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు లాంటి ప్రశ్నలు నోట్లోకి రాకూడదు. హేగు కోర్టు నియమాల్లో కూడా, నోరెత్తలేదు కాబట్టి, ఎదురుతిరగలేదు కాబట్టి ఒప్పుకుందనుకోవడానికి వీల్లేదని రాసి ఉంది. అంతకుముందు, ఆ తర్వాత ఆవిడ బతుకు ఎలా గడిచిందన్నది సాక్ష్యంగా తీసుకోరు. ఇంకో సాక్షి వచ్చి బలపరిస్తేనే నమ్ముతామని షరతు పెట్టకూడదు. కోర్టే అడగని ప్రశ్న మనమెందుకడగాలి?

ఆస్పత్రి

జరిగి గంటలో రోజులో అయితే కాగితాలన్నీ పక్కన పెట్టి ముందు ఆస్పత్రికి. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందు 72 గంటల లోపే మొదలవ్వాలి, ఎంత తొందరైతే అంత మంచిది. గర్భం రాకుండా వేసుకునే మాత్ర అయిదు రోజుల వరకూ పనిచేస్తుంది, కానీ రోజు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది. వీలైతే స్నానం, బట్టలు మార్చడం ఆపమనండి. మార్చేసి ఉంటే ఆ బట్టల్ని ప్లాస్టిక్ సంచిలో కుక్కకండి, చెమ్మకి పాడవుతాయి. పాత న్యూస్‌పేపరైనా సరే, కాగితంలో విడివిడిగా చుట్టండి. మన దేశంలో అయితే, ప్రభుత్వ ఆస్పత్రైనా ప్రైవేటుదైనా, అత్యాచార బాధితులకి వెంటనే ఉచితంగా వైద్యం చెయ్యాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ 397వ సెక్షన్ చెబుతోంది. యోనిలో వేళ్లు పెట్టి చూసే రెండు వేళ్ల పరీక్ష చెయ్యకూడదని, చేస్తే దుష్ప్రవర్తన కిందకొస్తుందని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో గట్టిగా చెప్పింది. డాక్టరుగారు ఆ పరీక్ష అంటే ఆ తీర్పు గుర్తుచెయ్యండి, మర్యాదగానే.

ఏళ్లు గడిచిపోయి ఉంటే? అప్పుడూ డాక్టరు కావాలి. పాత మచ్చల్ని, ఎముక విరిగి అతుక్కున్న తీరుని, నిద్రపట్టకపోవడాన్ని ఎలా నమోదు చెయ్యాలో ఇస్తాంబుల్ ప్రోటోకాల్ అని ఐక్యరాజ్యసమితి మార్గదర్శకం ఉంది, 2022లో దాన్ని కొత్తగా సవరించారు. దాన్ని తెలిసిన డాక్టరు రాసిన రెండు పేజీలకి కోర్టులో విలువుంటుంది. మగవాళ్ల మీద కూడా నిర్బంధ శిబిరాల్లో ఇలాంటివి జరుగుతాయి, వాళ్లు ఇంకా తక్కువ చెబుతారు. "కొట్టారు" అని ఆగిపోయిన మగమనిషిని గుచ్చి అడగకుండా డాక్టరు దగ్గరికి పంపండి.

నోటుబుక్కులో ఏముండాలి

వాంగ్మూలం మీరు ఎందుకు తీసుకోకూడదంటే, అదే కథ స్వచ్ఛంద సంస్థకి ఒకసారి, విలేకరికి ఒకసారి, శరణు దరఖాస్తులో ఒకసారి, పోలీసుకి ఒకసారి చెప్పేసరికి నాలుగు కాగితాలు తయారవుతాయి. ఒకదాంట్లో సాయంత్రం అని ఉంటుంది, ఇంకోదాంట్లో రాత్రి అని. అవతలి లాయరుకి అది పండగ. నేను అవతలి లాయర్నే అయితే నేనూ అదే పట్టుకుంటాను. ఆవిడకేమో చెప్పిన ప్రతిసారీ అదంతా మళ్లీ జరిగినట్టే. ఐసిస్ చెర నుంచి బయటపడిన యజీదీ మహిళ నదియా మురాద్ పేరుమీద 2022లో వచ్చిన ప్రవర్తనా నియమావళి మొత్తం తిరిగేది దీని చుట్టూనే: నిజంగా మీరే అడగాలా, ఈపాటికే ఎవరైనా రాసుకున్నారా, అడిగితే ఆవిడకి ఒరిగేదేమిటి.

నా నోటుబుక్కులో ఆ రోజు రాసింది ఇది. తేదీ. ఆవిడ పేరు కాదు, ఒక గుర్తు. పేరూ ఫోను నంబరూ వేరే చీటీలో, ఆ చీటీ మా ఇంటి బీరువాలో. జరిగిన ప్రాంతం, నెల, సంవత్సరం. ఆవిడ తనంతట తాను చెప్పిన యూనిఫాం రంగు. ఇంతకుముందు ఎవరికి చెప్పింది, ఏదైనా సంతకం పెట్టిందా. "లైంగిక హింస జరిగిందని చెప్పారు, వివరాలు అడగలేదు" అన్న వాక్యం, ఆవిడ మాటల్లోనే ఉన్న ఒక్క ముక్క కొటేషన్‌లో. ఆ కింద మూడు ప్రశ్నలు, మూడింటికీ విడివిడిగా జవాబు: ఇది నా దగ్గర ఉంచుకోవచ్చా? ఫలానా సంస్థకి పంపొచ్చా? పంపితే మీ పేరు చెప్పొచ్చా? మొదటిదానికి ఊఁ అంది, రెండోదానికి ఆలోచిస్తానంది, మూడోదానికి వద్దంది. వద్దన్నది అలాగే రాసి, తిరిగి చదివి వినిపించాను. ఎప్పుడు మనసు మార్చుకున్నా సరేనని కూడా చెప్పాలి. మూడూ కలిపి ఒకే సంతకం తీసుకునే ఫారాలు చూశాను, వాటికి విలువ లేదు.

మా మేనకోడలికైతే నోటుబుక్కు కూడా వద్దన్నాను. జర్మనీలో నర్సు రోగి చెప్పిన మాట బయటపెడితే అదే ఒక నేరం, వాళ్ల శిక్షాస్మృతి 203లో ఉంది. "ఆవిణ్ణే అడుగమ్మా, ఇలాంటివి చూసే కౌన్సెలింగ్ సెంటరు నంబరు కావాలా అని. కావాలంటే ఇవ్వు. కేస్‌షీట్లో వైద్యానికి పనికొచ్చేదే రాయి" అన్నాను.

ఫోన్లలో ఉన్నవి

వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన వీడియోకి నాణ్యతా పోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారో చెప్పే లోపలి సమాచారమూ పోతుంది. తీసిన ఫోను, అందులోని మెమరీ కార్డు అలాగే ఉంచండి. కాపీ తీసుకుంటే కేబుల్ పెట్టి ఫైలుగా తీసుకోండి, పేరు మార్చకండి, కత్తిరించకండి, మీద అక్షరాలు వేయకండి. కార్డుని కవర్లో పెట్టి, అంటించిన చోట అడ్డంగా సంతకం, తేదీ. కవరు మీదే ఒక చిన్న పట్టీ: ఎవరిచ్చారు, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు. చేయి మారినప్పుడల్లా ఒక గీత. ఆన్‌లైన్లో దొరికిన వీడియోల విషయంలో ఏం చెయ్యాలో బర్క్‌లీ ప్రోటోకాల్ అని 2020లో వచ్చింది, లాయర్లూ జర్నలిస్టులూ చదవాల్సిందే. ఫేస్‌బుక్‌లో పెట్టి న్యాయం అడగకండి. ముఖం కనబడితే అవతలి ఊళ్లో ఉన్న ఆవిడ చెల్లెలి ఇంటికి మనుషులొస్తారు.

ఏ తలుపు తట్టాలి

అందరూ ముందు ఇక్కడికే వస్తారు, హేగు, హేగు అంటూ. రేషన్ షాపుకెళ్లి భూమి రిజిస్ట్రేషన్ చెయ్యమంటే అవదు కదా. మూడు సంగతులు తెలిస్తే తలుపు దానంతటదే తేలుతుంది: ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది, చేసినవాడు ఇప్పుడెక్కడున్నాడు.

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2002 జులై 1 తర్వాతి నేరాలే చూస్తుంది. నేరం జరిగిన దేశమో, చేసినవాడి దేశమో ఆ కోర్టు ఒప్పందంలో చేరి ఉండాలి. లేదా ఆ దేశం ప్రత్యేకంగా ఒప్పుకోవాలి, లేదా భద్రతామండలి పంపాలి. భారత్ చేరలేదు. శ్రీలంకా చేరలేదు. మయన్మార్ చేరలేదు గానీ బంగ్లాదేశ్ చేరింది. రోహింగ్యాలని తరిమినప్పుడు ఆ నేరం సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లో పూర్తయింది కాబట్టి మాకు అధికారం ఉందని కోర్టు 2019 నవంబరులో దర్యాప్తుకి అనుమతిచ్చింది. చట్టంలో సందు వెతకడమంటే అదీ. ఈ కోర్టు ప్రాసిక్యూటరుకి సమాచారం ఎవరైనా పంపొచ్చు, లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు, ఓటీపీలింక్ అని ఆన్‌లైన్ దారి కూడా ఉంది. కానీ పంపినంత మాత్రాన అది కేసు కాదు. వాళ్లు పట్టుకునేది పైవాళ్లని, గొప్ప చెరువులోంచి రెండు మూడు పెద్ద చేపలే.

మల్కన్‌గిరి నుంచి వచ్చినావిడకి ఈ తలుపు మూసే ఉంది. ఆవిడకి తెరిచి ఉన్నది జెనీవా. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయంలో శ్రీలంక గురించి సాక్ష్యాలు సేకరించి భద్రపరిచే విభాగం ఉంది, 2021 మార్చిలో మానవహక్కుల మండలి చేసిన 46/1 తీర్మానంతో వచ్చింది. అది కోర్టు కాదు, ఎవరికీ శిక్ష వెయ్యదు. ఏ దేశపు ప్రాసిక్యూటరైనా రేపు కేసు పెడితే అందించడానికి దాచిపెడుతుంది. సిరియాకి 2016లోనూ మయన్మార్‌కి 2018లోనూ ఇలాంటివే, ఇంకా పెద్దవి, ఏర్పాటు చేశారు. "దాచుకుంటే ఆవిడకేటొస్తాదమ్మా?" అని మా గుమాస్తా అడిగాడు. వచ్చేది ఏమిటంటే, పదేళ్లకి ఎవడో దొరికినప్పుడు మళ్లీ మొదటి నుంచీ ఆవిణ్ణి వెతకనక్కర్లేదు.

మూడో ప్రశ్న, వాడిప్పుడెక్కడ, జర్మనీ లాంటి చోట అన్నిటికంటే బలమైంది. 2002 నుంచి అక్కడి చట్టం ప్రకారం జాతిహననం, యుద్ధ నేరాలు ప్రపంచంలో ఎక్కడ ఎవరు చేసినా విచారించవచ్చు. కార్ల్‌స్రూహెలో ఉన్న ఫెడరల్ ప్రాసిక్యూటరు చూస్తాడు. ఇరాక్‌కి చెందిన తాహా అనే ఐసిస్ మనిషి ఒక యజీదీ తల్లినీ అయిదేళ్ల కూతుర్నీ బానిసలుగా కొన్నాడు. ఫలూజాలో మండుటెండలో ఆ పిల్లని కిటికీకి కట్టేశాడు, పిల్ల చనిపోయింది. వాణ్ణి గ్రీసులో పట్టుకుని ఫ్రాంక్‌ఫర్ట్‌కి తెచ్చారు. తల్లి వచ్చి సాక్ష్యం చెప్పింది. 2021 నవంబరు 30న యావజ్జీవం, తల్లికి 50,000 యూరోలు ఇవ్వాలని ఆదేశం. యజీదీల మీద జరిగింది జాతిహననమని ప్రపంచంలో ఒక కోర్టు ఒక మనిషికి శిక్ష వెయ్యడం అదే మొదలు. మా మేనకోడలికి నేను ఈ కేసే చెప్పాను. ఆవిడ చేత చెప్పించడానికి కాదు, దారి ఉందని తెలిసి ఉండటానికి.

ఐక్యరాజ్యసమితి కమిటీలకి వ్యక్తిగత ఫిర్యాదు అని మరో దారి. నేపాల్‌లో 2004లో సైనికులు చెరిచిన ఒకావిడని, 35 రోజుల గడువు దాటిందంటూ పోలీసులు వెనక్కి పంపేశారు. పూర్ణమాయ అన్న మారుపేరుతో మానవహక్కుల కమిటీకి వెళ్లి 2017లో గెలిచింది. మనకి ఆ దారి లేదు, ఆ ఫిర్యాదుల ఒప్పందాల్లో భారత్ చేరలేదు. హేగులోనే ఉన్న అంతర్జాతీయ న్యాయస్థానంలోకి మనుషులు వెళ్లలేరు, దేశాలే వెళ్లాలి. మయన్మార్ మీద 2019లో గాంబియా వెళ్లినట్టు.

వాళ్ల దేశంలోని మామూలు కోర్టుని మాత్రం మర్చిపోకండి. గ్వాటెమాలాలో సెపుర్ జర్కో అనే చోట, భూమి పట్టాల కోసం తిరిగిన కెక్చీ అనే ఆదివాసీ తెగ మగవాళ్లని 1980ల్లో సైన్యం పట్టుకుపోయింది. వాళ్ల భార్యల్ని శిబిరంలో వంతులవారీగా వంటకీ బట్టలుతకడానికీ రప్పించి చెరిచారు. భూమి కేసులు చూసుకునే నాకు ఆ పట్టాల ముక్క దగ్గర చెయ్యి ఆగిపోయింది. 2016 ఫిబ్రవరిలో గ్వాటెమాలా కోర్టే ఒకడికి 120 ఏళ్లు, ఒకడికి 240 ఏళ్లు వేసింది. ఆ ఆడవాళ్లు కోర్టులో తల మీదుగా రంగు రంగుల శాలువాలు ముఖమంతా కప్పుకుని కూర్చున్నారు. కోర్టు వద్దనలేదు.

మన జిల్లాల్లో జరిగినదానికి

అడవిలో తుపాకులు ఎవరివైనా, మల్కన్‌గిరిలో జరిగితే, గడ్చిరోలిలో జరిగితే, పని ఇక్కడే మొదలవ్వాలి. నేరం వేరే స్టేషన్ పరిధిలో జరిగినా, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాలి. లైంగిక నేరాల్లో ఎఫ్ఐఆర్ రాయని ఉద్యోగికి ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ 199 కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు. విధుల్లో ఉన్న సాయుధ దళాల మనిషి ఆ ప్రాంతంలోనే చేసిన అత్యాచారానికి పదేళ్లకి తగ్గని శిక్ష అదే చట్టం 64లో ఉంది, ప్రభుత్వోద్యోగి మీద ఈ నేరానికి కేసు నడపడానికి ప్రభుత్వం ముందస్తు అనుమతి అక్కర్లేదు. జాతీయ మానవహక్కుల కమిషన్‌కి అయితే ఏడాది లోపే రాయాలి. ఆడవాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత లాయరు హక్కు, 15100కి ఫోను చేస్తే చాలు. జెనీవా ఒప్పందాల చట్టం అని 1960ది ఒకటి మన దగ్గరుంది, విదేశంలో చేసిన యుద్ధ నేరానికి కూడా వర్తిస్తుంది, కానీ ప్రభుత్వం ఫిర్యాదు చేస్తే తప్ప ఏ కోర్టూ తీసుకోదు. బీరువాలో పట్టుచీరే.

డబ్బు, కాలం

"హేగులో కేసు వేయిస్తాను, పాతికవేలు కట్టండి" అన్నవాణ్ణి గుమ్మంలోంచే పంపెయ్యండి. సాక్ష్యం చెబితే వీసా వస్తుందని ఆశపెట్టడం అంతకంటే పాపం. రేపు ఆ మాటే అడ్డం పెట్టి ఆవిడ సాక్ష్యాన్ని కొట్టేస్తారు. పరిహారం గురించి కూడా నిజమే చెప్పండి. ఉగాండా కేసులో తిరుగుబాటు దళ కమాండరు డొమినిక్ ఒంగ్వెన్‌కి 25 ఏళ్లు వేశాక, 2024 ఫిబ్రవరిలో కోర్టు 5 కోట్ల 20 లక్షల యూరోలకి పైగా పరిహారం ప్రకటించింది. బాధితులు సుమారు 50 వేల మంది, మనిషికి నేరుగా దక్కేది 750 యూరోలు. అతని దగ్గర చిల్లిగవ్వ లేదు కాబట్టి దాతలు ఇస్తేనే నిధి నిండాలి.

కాలం మాటకొస్తే సూడాన్‌లోని దార్ఫూర్ చాలు. నేరాలు 2003, 2004లో. భద్రతామండలి పంపింది 2005లో. మిలీషియా నాయకుడు అలీ కుషైబ్ మీద వారంటు 2007లో. లొంగిపోయింది 2020లో. అత్యాచారంతో సహా నేరాలు రుజువైంది 2025 అక్టోబరులో, డిసెంబరులో ఇరవై ఏళ్ల శిక్ష. ఈ నేరాలకి హేగు కోర్టులో కాలపరిమితి లేదన్నది ఒక్కటే ఊరట. ఈలోగా ఆవిడకి పెళ్లిళ్లు, చావులు, పిల్లల చదువులు అన్నీ ఉంటాయి. మీరు వారం వారం ఫోను చేసి "ఏమైనా కబురొచ్చిందా" అనకండి.

వినేవాళ్లకీ నిద్ర పోతుంది. నేను ఆ రాత్రి మా వదినతో కూడా చెప్పలేదు, చెప్పకూడదు. వృత్తిలో ఉన్న ఇంకొకరితో, పేర్లు లేకుండా, మాట్లాడాను. మీరూ అలాంటివాళ్లని ముందే చూసిపెట్టుకోండి.

చివరగా, పంపాలని ఆవిడ నిర్ణయించుకుంటే, ముందు ఒక చిన్న ఈమెయిలు చాలు: ఏ దేశం, ఏ సంవత్సరం, ఏ రకం హింస, మనిషి మాట్లాడటానికి సిద్ధమా కాదా, ఏ భాష, ఆడమనిషే అడగాలా. పేరు వద్దంటే వద్దు. జవాబు ఎలా పంపాలో వాళ్లే చెబుతారు. వచ్చిన రిఫరెన్సు నంబరు ఫోన్లో కాక కాగితం మీద రాసి, దేనిదో తెలియకుండా, రేషన్‌కార్డు ఉన్నచోటే పెట్టుకోమనండి. అద్దె ఇల్లు మారినా సిమ్ మారినా వాళ్లకి తెలియజెయ్యాలి. శరణార్థి బతుకులో ఆ రెండూ తరచూ మారతాయి, ఎన్నో ఏళ్లకి పిలుపొచ్చేసరికి మనిషి దొరకదు. కొత్త నంబరూ పాత రిఫరెన్సూ రెండూ ఒకే ఉత్తరంలో ఉండేలా చూడండి.